జాకీ కథ: ఎత్తుట వేరు, నిలుపుట వేరు

ఎడ్లబండ్లు విరివిగా తిరిగిన కాలములో ఇరుసుకు కందెన పెట్టుట ఇద్దరు మనుషుల పని. ఒకడు బలమైన వాసమును ఇరుసు క్రిందికి దూర్చి, దాని నడుమ ఒక రాయి ఆసరాగా పెట్టి, రెండవ కొసను తన బరువంతా వేసి క్రిందికి అణచును. బండి ఒక ప్రక్కకు లేచును. లేచిన మరుక్షణమే రెండవవాడు ఇరుసు క్రింద ఒక మొద్దును జరిపి ఉంచును. అప్పుడు మొదటివాడు వాసమును వదలివేయును. బండి బరువు మొద్దు మీద కూర్చుండును. ఆ తరువాతనే కడచీల ఊడదీసి, చక్రమును ప్రక్కకు లాగి, ఆముదములో మసి కలిపి నూరిన కందెనను ఇరుసుకు పూయుదురు. వాసమును అణచిపట్టిన మనిషి చేతుల మీద నమ్మకము పెట్టి చక్రము ఊడదీసిన రైతును ఎవరూ చూచి ఉండరు.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు జ్ఞాపకము వచ్చినదో చెప్పెదను.

మా జడ్చర్ల రెండు పెద్ద బాటలు కలిసే ఊరు. హైదరాబాదు నుండి బెంగళూరు పోవు జాతీయ రహదారి (2010కి పూర్వము దాని సంఖ్య 7, ఇప్పుడు 44) ఈ ఊరి మీదుగానే పోవును. మహబూబ్‌నగరు మీదుగా రాయచూరుకు పోవు బాట ఇక్కడ చీలును. ప్రక్కనే బాదేపల్లి మార్కెట్టు ఉన్నది. వేరుశనగ, ప్రత్తి, మొక్కజొన్న, ధాన్యము వేసుకొని చుట్టుప్రక్కల పల్లెల ట్రాక్టర్లన్నీ ఏదో ఒకనాడు ఇటు రాక తప్పదు. అందుచేత బాట వెంబడి మరమ్మతు షెడ్లకు కొదువలేదు. ఈ నడుమ వీటికి చిన్న ట్రాక్టర్లు కూడ వస్తున్నవి. మామిడి చెట్ల వరుసల మధ్యను, నల్లగొండ వైపు బత్తాయి తోటలలోను కొమ్మలకు తగలకుండ తిరుగుటకు వీలైన పొట్టి బండ్లు ఇవి. బరువు ఏడెనిమిది వందల కిలోలు.

పెద్ద ట్రాక్టరు గేరు నూనె మార్చుటకు దానిని ఎత్తవలసిన పని తరచు ఉండదు. దాని పొట్ట నేలకు ఎత్తుగానే ఉండును. క్రిందికి డబ్బా జరిపి, పానాతో బోల్టు విప్పిన చాలును. తోట ట్రాక్టరు కథ వేరు. అది నేలకు దగ్గరగా ఉండును. డబ్బా దూరినను చేయి దూరదు. కాబట్టి వెనుక భాగమును జాకీతో ఎత్తుదురు. చిన్న బండియే కదా అని ఎత్తువారికి భయము తక్కువ. అసలు చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఏడు వందల కిలోల బండి వెనుక ఇరుసు మీద సగానికి పైగా బరువు, అనగా నాలుగు వందల కిలోల వరకు, మోపును. మనిషి ఛాతీకి ఆ బరువు చిన్నది కాదు.

ఒక వానాకాలపు మధ్యాహ్నము ఇటువంటి షెడ్డు ఒకదాని ముందు నేను నిలబడి ఉన్నాను. పదహారు పదిహేడేండ్ల కుర్రవాడు ఒకడు చిన్న ట్రాక్టరు క్రింద వెల్లకిల పడుకొని బోల్టు విప్పుతున్నాడు. బండిని మోస్తున్నది ఒక్క బాటిల్ జాకీ. నూనె ధార మొదలు కాగానే వాడు డబ్బాను దగ్గరకు లాగుకొనుటకు ప్రక్కకు దొర్లినాడు. అంతలో జాకీ ఒరిగి, బండి చప్పుడుతో క్రిందికి దిగినది. వాని చొక్కా చేయి మాత్రమే చక్రము క్రింద చిక్కినది. మేస్త్రీ పరుగున వచ్చి వానిని తిట్టినాడు. పిల్లవాడు సిగ్గుపడి నవ్వినాడు. నేను మాట్లాడలేకపోతిని. ఎందుకనగా ఆ ఉదయమే నేను తరగతిలో బ్రామా యంత్రమును గూర్చి పాఠము చెప్పి, రెండు లెక్కలు చేయించి వచ్చినాను. చిన్న బలముతో పెద్ద బరువును ఎట్లు ఎత్తవచ్చునో చెప్పితిని. ఎత్తిన బరువు ఎత్తినచోటనే ఎందుకు నిలుచును, ఎందుకు నిలువకపోవచ్చును అను మాట నా పాఠములో లేదు. మన పాఠ్యపుస్తకములలోను నాకు కనబడలేదు. ఆ సాయంత్రము జాకీ చరిత్రను వెదుకుట మొదలుపెట్టినాను.

బరువులు ఎత్తు పరికరములను గూర్చి క్రమముగా వ్రాసిన ప్రాచీనులలో అలెగ్జాండ్రియా నగరపు హీరో ముఖ్యుడు. ఈయన క్రీస్తు శకము మొదటి శతాబ్దివాడు. ఇరుసుతో తిరుగు చక్రము, మీట, కప్పీ, చీలిక, మర అను అయిదు మూలయంత్రములను ఈయన వివరించినాడు. గ్రీకు మూలములో చాల భాగము పోయినది. 9వ శతాబ్దిలో ఖుస్తా ఇబ్న్ లూఖా చేసిన అరబ్బీ అనువాదము వల్లనే ఆ గ్రంథము మనకు మిగిలినది. బండి క్రింద దూర్చిన వాసము ఈ అయిదింటిలో రెండవదైన మీట. మన వడ్డెరలు గడ్డపారతో బండరాయిని కదల్చునప్పుడు జరుగునదియు ఇదే. వారి పనిని శ్రద్ధగా చూచినచో ఒక విశేషము కనబడును. గడ్డపారతో రాయి బెత్తెడు లేచినదో లేదో, రెండవవాడు సందులో చిన్న రాయి దూర్చును. మరల బెత్తెడు, మరల రాయి. మీటకు ఎత్తు గుణమే కాని నిలుపు గుణము లేదని వారికి ఎవరూ పుస్తకము చూపి చెప్పలేదు.

మీటకు లేని ఆ గుణము మరకు ఉన్నది. మర అనగా కడ్డీ చుట్టూ చుట్టిన వాలుతలము. ఒక మర జాకీకి ఒక చుట్టుకు 6 మిల్లీమీటర్ల ఎత్తు అనుకొందము. దాని పిడి పొడవు 30 సెంటీమీటర్లైనచో పిడి కొస ఒక చుట్టుకు సుమారు 188 సెంటీమీటర్లు తిరుగును. ఈ రెంటి నిష్పత్తి 314. లెక్క ప్రకారము నాలుగు వందల కిలోల బరువును కిలోన్నర కూడ లేని బలముతో ఎత్తవచ్చును. నిజముగా ఎత్తి చూచినచో అంతకు మూడింతలు బలము పట్టును. మిగిలినదంతా మరల మధ్య ఘర్షణకు పోయినది. విద్యార్థులు దీనిని యంత్రము యొక్క దోషముగా వ్రాయుదురు. నేనును చిరకాలము అట్లే దిద్దితిని. కాని ఆ ఘర్షణయే బరువును మోయుచున్నది! పిడి వదలివేసినను మర వెనుకకు తిరుగకుండ పట్టి ఉంచునది అదే. దక్షత సగమునకు మించిన మర తన బరువు క్రింద తానే దిగిపోవును. సగముకంటె తక్కువ దక్షత గల మర ఎక్కడ ఆపితే అక్కడ నిలుచును. కోల్పోయిన శ్రమకు ప్రతిగా మనము కొన్నది నిలకడ అన్నమాట.

ఈ నిలకడ మీద నమ్మకముతోనే అమెరికాలో చికాగో నగరమును ఎత్తినారు. బురద నేల మీద కట్టిన ఆ ఊరికి మురుగు కాలువలు వేయుటకై వీధులను ఎత్తు చేయవలసివచ్చినది. 1860లో లేక్ వీధిలో ఒక వరుస భవనములను, సుమారు 320 అడుగుల పొడవున, ఆరువేల మర జాకీలు పెట్టి, ఆరువందలమంది ఒకేసారి త్రిప్పుచు, అయిదు రోజులలో 4 అడుగుల 8 అంగుళములు పైకి లేపినారు. లోపల దుకాణములలో బేరములు సాగుచునే ఉన్నవి. ఎత్తిన తరువాత ఆ భవనములను జాకీల మీదనే వదలలేదు. క్రింద క్రొత్త పునాది కట్టి దాని మీదికి దించినారు.

ఇక నూనె జాకీ సంగతి. ద్రవములో ఒకచోట కలిగించిన పీడనము అన్ని వైపులకు సమముగా వ్యాపించునను పాస్కల్ సూత్రము ఆయన మరణించిన మరుసటి యేడు, 1663లో, అచ్చైనది. దానిని యంత్రముగా మార్చుటకు 132 సంవత్సరములు పట్టినది. సూత్రము తెలియక కాదు. పిస్టను చుట్టూ నీరు కారిపోకుండ ఆపుట చేతకాక. పిస్టనును బిగించినచో కదలదు. వదులు చేసినచో కారును. ఇంగ్లండులో తాళములు చేయుటలో పేరుపొందిన జోసెఫ్ బ్రామా 1795లో ద్రవ యంత్రమునకు పేటెంటు పొందినాడు. ఆయన కర్మశాలలో పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే ఈ చిక్కును విడదీసినాడని ప్రసిద్ధి. ఆయన చేసినది ఒక తోలు పట్టీ. దాని లోపలి వైపు దొప్పవలె ఉండును. నీటి పీడనము ఆ దొప్పలో చేరి దాని అంచులను గోడలకు అదుమును. ఎంత పీడనము పెరిగిన అంత బిగువు. నేటి జాకీలలో తోలు బదులు రబ్బరు వచ్చినది కాని ఉపాయము అదే. అనగా జాకీ మీద ఉన్న బరువంతా చివరకు ఆ చిన్న పట్టీ అంచు మీద ఆధారపడి ఉన్నది.

బ్రామా యంత్రముతో ఎత్తిన మహా భారములలో వేల్సు దేశపు బ్రిటానియా రైలు వంతెన ఒకటి. రాబర్ట్ స్టీఫెన్సను నిర్మించిన ఈ వంతెనలో అప్పట్లో రైలు ఇనుప గొట్టముల లోపలి నుండి పోయెడిది. ఒక్కొక్క పెద్ద గొట్టము పదిహేను వందల టన్నులకు తగ్గనిది. నీటి మీద తేలించి తెచ్చిన గొట్టమును స్తంభముల పైభాగమున ఉంచిన ద్రవ యంత్రములతో, గొలుసులు పట్టి, అంచెలంచెలుగా పైకి లాగినారు. ఒక్కసారిగా పైవరకు లాగివేయుటకు శక్తి చాలును కదా, పని త్వరగా తెమలును కదా అని ఎవరికైనను తోచును. స్టీఫెన్సను దానికి ఒప్పుకొనలేదు. గొట్టము ఒక అంగుళము లేచినచో దాని క్రింద ఆ అంగుళము మేర వెంటనే ఆసరా నింపవలెనని ఆయన ఆజ్ఞ. 1849 ఆగస్టు 17న యంత్రపు సిలిండరు అడుగు భాగము పగిలి ఊడిపడినది. ఆ ముక్క తగిలి ఒక పనివాడు మరణించినాడు. గొట్టము మాత్రము సుమారు జానెడు దిగి, క్రింద నింపుచు వచ్చిన ఆసరా మీద ఆగినది. ఆసరా లేనిచో వంతెనకు వంతెనయే పోయి ఉండును. మన వడ్డెరల చిన్న రాయియు, స్టీఫెన్సను అంగుళపు ఆసరాయు ఒకే తెలివి.

రెండేండ్ల తరువాత, 1851లో, న్యూయార్కులో రిచర్డ్ డడ్జను చేతితో మోసుకొనిపోదగిన ద్రవ జాకీకి పేటెంటు పొందినాడు. నేడు ప్రతి లారీలోను సీటు క్రింద ఉండు బాటిల్ జాకీ దాని వంశములోనిదే. దాని లోపల చిన్న పిస్టను వ్యాసము 1 సెంటీమీటరు, పెద్ద పిస్టనుది 3 సెంటీమీటర్లు అనుకొన్నచో వైశాల్యములలో తొమ్మిదింతల తేడా. పిడి మరి పదిహేనింతలు పెంచును. మొత్తము 135 ఇంతలు. నాలుగు వందల కిలోలు లేచుటకు మూడు కిలోల బలము చాలును. పిల్లవాడు సైతము ఎత్తగలడు. ఘర్షణ తక్కువ కాబట్టి పెట్టిన శ్రమ చాల భాగము పనిగా మారును. కాని మరలో మనలను కాపాడిన ఆ ఘర్షణ ఇక్కడ లేదు! బరువును ఆపుచున్నది ఒక కవాటము, ఒక పట్టీ, వాటి నడుమ చిక్కిన నూనె. కవాటము మీద ఇసుక రేణువు చిక్కినను, పట్టీ అంచు అరిగినను నూనె మెల్లగా వెనుకకు జారును. పట్టీ చిరిగెనా, మెల్లగా కూడ కాదు. నూనె జాకీ ఎంత సులభముగా ఎత్తునో అంత సులభముగా దించును. దానిని నిందించి ప్రయోజనము లేదు. అది ఎత్తుటకు పుట్టినది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. మనము ఎవరి నూనె మార్చుటకు జాకీ పెట్టితిమో ఆ ట్రాక్టరు కడుపులోను బ్రామా యంత్రమే దాగి ఉన్నది. తొలి ట్రాక్టర్లు నాగలిని గొలుసుతో ఈడ్చెడివి. నాగలి రాతికి తగిలి ఆగిపోయినచో చక్రములు ఆగక, ట్రాక్టరు ముందుభాగము లేచి వెనుకకు తిరుగబడి తోలువానిని చంపెడిది. ఐర్లండు రైతుబిడ్డ హారీ ఫెర్గూసను (1884–1960) దీనికి విరుగుడు వెదకి, నాగలిని మూడు చోట్ల ట్రాక్టరుకు కలిపి, నూనె పీడనముతో ఎత్తి దించు ఏర్పాటు చేసినాడు. ఆ ఏర్పాటు గల ట్రాక్టరు 1936లో అమ్మకానికి వచ్చినది. 1946లో కవెంట్రీ నగరములో తయారైన ఆయన చిన్న బూడిదరంగు ట్రాక్టరులో గేర్లకు, వెనుక ఇరుసుకు, నాగలి నెత్తు పంపుకు నూనె ఒక్కటే. నేటి ట్రాక్టర్లు అనేకములలో ఆ పద్ధతియే సాగుతున్నది. కావున ఆ నూనె మురికియైనచో గేర్లు అరుగుట ఒక్కటే కాదు, నాగలిని ఎత్తు శక్తియు సన్నగిల్లును. గేర్ల నుండి రాలిన ఇనుప రజను పంపును గీరును. కడుగునప్పుడు నీరు చొచ్చినచో నూనె మజ్జిగవలె తెల్లబడును. మార్చుట తప్పనిసరి.

మన దేశములో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ కంపెనీతో మొదలైనది. మరుసటి యేడు మద్రాసులో టాఫె సంస్థ మాసీ ఫెర్గూసనుతో కలిసి వెలసినది. ఫెర్గూసను ఏర్పాటు మన నేలకు ఆ దారిని వచ్చినది. తెలంగాణములో జహీరాబాదు వద్ద మహీంద్రా వారి ట్రాక్టరు కర్మాగారము 2013లో ప్రారంభమైనది. 2023 ఆగస్టు 15న ఆ సంస్థ ప్రకటించిన ఓజా అను తేలికపాటి ట్రాక్టర్లు అక్కడనే తయారైనవి. చిన్న ట్రాక్టరు దూరదేశపు వింత కాదు, మన ఇంటి వస్తువు. దానిని ఎత్తు పద్ధతియు మన పాఠములలో చేరవలసినదే.

ఆ పద్ధతిలో ప్రతి మెట్టుకును ఒక భౌతికశాస్త్ర కారణము ఉన్నది. మొదటిది బ్రేకు. ఈ బండ్లలో చేతిబ్రేకు పనిచేయునది వెనుక చక్రముల మీదనే. వెనుక భాగమును ఎత్తగానే ఆ చక్రములు గాలిలో ఉండును. బ్రేకు బిగించియున్నను బండిని ఆపదు. ముందు చక్రములు స్వేచ్ఛగా దొర్లును. కావున జాకీ పెట్టుటకు ముందే ముందు చక్రములకు ఇరువైపుల అడ్డుమొద్దులు బిగించవలెను. వెనుక తగిలించిన పనిముట్టును నేలకు దించి, తాళముచెవి తీసి జేబులో వేసుకొనవలెను.

రెండవది నేల. బండి సమతలము మీద ఉండవలెను. వాన పడిన రేగడిలో జాకీ అడుగు దిగబడును. పది సెంటీమీటర్ల చదరపు అడుగు గల జాకీ మీద 400 కిలోలు మోపినచో చదరపు సెంటీమీటరుకు 4 కిలోల ఒత్తిడి. దాని క్రింద 30 సెంటీమీటర్ల చదరపు చెక్క వేసినచో అర కిలో కూడ ఉండదు. గట్టిగా కనబడు చల్క నేలయు నానిన తరువాత నమ్మదగినది కాదు. షెడ్డు ముందు ఆనాడు జాకీ ఒరుగుటకు సగము కారణము చెక్క లేకపోవుటయే.

మూడవ సంగతిని పలువురు మేస్త్రీలు కూడ గమనింపరు. ట్రాక్టరు ముందు ఇరుసును బండికి నడుమ ఒకే చీలతో బిగింతురు. గట్లు, సాళ్లు దాటునప్పుడు ఇరుసు తక్కెడకాడవలె అటునిటు ఊగుటకు ఈ ఏర్పాటు. అందుచేత చూచుటకు ముందు రెండు చక్రములున్నను, బండి బరువు ముందువైపున ఆనునది ఒక్క బిందువు మీద. వెనుక నడుమ ఒక్క జాకీ పెట్టి ఎత్తితిమా, బండికి మిగిలినవి రెండే బిందువులు: ముందు చీల, వెనుక జాకీ. రెండు బిందువుల మీద ఏ వస్తువును ప్రక్కలకు స్థిరముగా నిలువదు. రెండు కాళ్ల ముక్కాలిపీటను ఊహించుడు. వెనుక ఎడమకును కుడికిని, ఎంత వీలైతే అంత ఎడముగా, ఇరుసు క్రింద రెండు స్టాండ్లు ఉంచినప్పుడే త్రిభుజము ఏర్పడును. గురుత్వకేంద్రము నుండి గీసిన లంబము ఆ త్రిభుజములో పడినంతసేపు బండి పడదు. కుర్రవాడు దొర్లినపుడు భుజము తగిలిన మాత్రమున బండి ఒరిగినదనగా అది అప్పటికి రెండు బిందువుల మీద ఉన్నదన్నమాట.

స్టాండ్లు పెట్టిన తరువాత జాకీ పిడిని మెల్లగా విప్పి బండిని స్టాండ్ల మీదికి దించవలెను. దించిన తరువాత చేతితో బండిని త్రోసి చూడవలెను. కదిలెనా, మరల ఎత్తి సరిచేయవలెను. అది అయిన పిమ్మటనే క్రిందికి పోవుట. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లు కావు. అవి ముందుగా హెచ్చరింపక పగులును. గట్టి కలప మొద్దులను అడ్డముగను నిలువుగను పేర్చినచో పనికివచ్చును. నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పినచో మురికితో సహా దిగును. వెనుక భాగము ఎత్తులో ఉన్నందున కొంత నూనె ముందుకు పారి నిలుచును. క్రొత్త నూనె మట్టమును మాత్రము బండిని నేలకు దించిన తరువాతనే చూడవలెను. నూనె పీడనముతోనే చక్రములు తిరుగు రకము తోట బండ్లలో నూనె మార్చిన పిదప గాలి పోవుటకై చక్రములను గాలిలో ఉంచి ఇంజను నడుపవలసివచ్చును. ఆ అదురుకు జాకీ ఒక్కటియే ఉన్నచో ఏమగునో చెప్పనక్కరలేదు.

చట్టము మాట కూడ ఒకటి. 1948 నాటి కర్మాగారముల చట్టములోని 29వ సెక్షను క్రేన్లు, కప్పీలు, గొలుసులు మున్నగువానిని కనీసము పండ్రెండు నెలలకొకసారి సమర్థుడైన వానిచే పరీక్ష చేయించవలెనని విధించి ఉండినది. కాని విద్యుత్తు వాడుచోట పదిమంది, వాడనిచోట ఇరవైమంది పనివారు ఉన్నప్పుడే ఆ చట్టము మేరకు అది కర్మాగారమయ్యెడిది. బాట ప్రక్క షెడ్డులో ఉండునది ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రవాళ్లు. తనిఖీ అధికారి అక్కడికి రాడు. వచ్చువాడు ఎవరైనను ఉన్నచో, ఆ కుర్రవాడు అంతకుముందు కూర్చున్న బడిలోని సైన్సు ఉపాధ్యాయుడే.

ఆ మరుసటి యేడు బ్రామా యంత్రము పాఠము వచ్చినప్పుడు నేను తరగతికి రెండు జాకీలు తెప్పించినాను: ఒకటి పాత నూనె జాకీ, ఒకటి మర జాకీ. ఇసుక బస్తాలు కట్టిన రెండు బల్లలను వాటితో ఎత్తినాము. పడినను వ్రేలెడు మించి పడకుండ క్రింద మొద్దులు పేర్చినాము. రెండు జాకీల కడ్డీల మీదను సుద్దముక్కతో గీత గీసి, గది తాళము వేసి ఇండ్లకు పోయినాము. తెల్లవారి పిల్లలు నాకంటె ముందే వచ్చి కిటికీ దగ్గర మూగి ఉన్నారు. నూనె జాకీ మీది గీత లోపలికి దిగి కనబడలేదు. బల్ల మొద్దుల మీద కూర్చున్నది. మర జాకీ మీది గీత మాత్రము ఎక్కడ గీసితిమో అక్కడనే ఉన్నది.